ఎండిన వాగును నదియే: హాలియా నుండి వాడపల్లి వరకు జలశౌచ చరిత్ర



దేవాలయములలో నీరాజనానంతరము పఠింపబడు మంత్రపుష్పమును విననివారు తెలుగునాట అరుదు. జలములకు ఆశ్రయమేది, ఆ ఆశ్రయమునకు మరల ఆశ్రయమేది అని అగ్నిని, వాయువును, సూర్యుని, చంద్రుని, నక్షత్రములను, పర్జన్యుని, సంవత్సరమును క్రమముగ స్మరించు ఆ భాగము తైత్తిరీయారణ్యకమున ప్రథమ ప్రపాఠకమైన అరుణప్రశ్నలోనిది. భక్తులు ఆ భాగమును విని, పుష్పాక్షతలు సమర్పించి, తీర్థము గైకొని మరలుదురు. అదే ప్రశ్నయందు నాలుగు అనువాకముల పిమ్మట ఏమున్నదో విచారించువారు మాత్రము కొందరే.

అచ్చట అరుణకేతుక చయనము చేయు యజమానుని వ్రతనియమములు చెప్పబడినవి. ఈ చయనమున మట్టి ఇటుకలకు మారుగ జలములే ఇష్టకలు. అట్టి అగ్నిని ఉపాసించువాడు నీటియందు మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు, వివస్త్రుడై స్నానము చేయరాదు, తామరాకులను బంగారమును తొక్కరాదు, తాబేటి మాంసము తినరాదు. కారణమును శ్రుతియే చెప్పుచున్నది. జలమునందు అగ్ని గూఢముగ నున్నాడు. అతడు ఉపాసకుని దహింపకుండుటకై ఈ నియమములు. నియమము తప్పనివానిని జలచరములు హింసింపవని ఫలశ్రుతి. అనగా నీటిని పాడుచేయుట కేవలము అనాగరికతగ గాక, అగ్నితో చెలగాటముగ వైదిక ఋషులు భావించిరి.

ఇంతటి నియమమును నిత్యపారాయణ గ్రంథమున నిలుపుకొన్న దేశమున, ఊరి చివర వాగు చెత్తకుప్పగ నెట్లు మారినది? జనులు ధర్మమును మరచిరని చెప్పి ఊరకుండుట సులభము. చరిత్రను చూచినచో విషయము అంత సులభముగ తేలదు.

హాలియా నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరమునకు సమీపమున, ఎడమకాలువ ప్రాంతముననున్న పట్టణము. ఆ పేరుతోనే అచ్చట ఒక వాగున్నది. డిండి, పెద్దవాగు, మూసీ, పాలేరు, మున్నేరులతోపాటు కృష్ణకు ఎడమవైపున కలియు ఉపనదులలో హాలియా వాగును భూగోళ గ్రంథములు పేర్కొనును. దక్షిణ తెలంగాణపు ఎత్తునేలలలో పుట్టిన వాగులన్నింటివలె దీనికిని రెండు జన్మములు. వానకారున ఒండ్రునీటితో పొంగి, వేసవి నాటికి ఇసుకయు, రాళ్లును, అచ్చటచ్చట నీటిగుంటలును మిగిలి పడియుండును. గంగాగోదావరుల తీరవాసికి నది అన్నంతనే కన్నులయెదుట నీరు కనబడును. ఎత్తునేలలవానికి వాగు అనగా ఏడాదిలో అధికభాగము ఎండిన దారియే. ఈ భేదమును మనస్సునందుంచుకొనక ఈ ప్రాంతపు జలచరిత్రను గ్రహించుట దుర్లభము.

ఈ పరిసరములు ఒకనాడు మహాతీర్థములు. హాలియాకు సమీపముననే, కృష్ణకు కుడివైపున, క్రీస్తు శకము మూడవ, నాలుగవ శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసినది. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసినట్లు శాసనములు చెప్పుచున్నవి. సాగరపు ఆనకట్ట నీటిలో ఆ లోయ మునుగకముందు, 1954 మొదలు 1960 వరకు జరిగిన త్రవ్వకములలో నదీతీరమున స్నానఘట్టములు, దేవాలయములు, విహారములు బయల్పడినవి. మెట్లతో గట్టిన ఒక కోనేటిని అశ్వమేధాంతమున అవభృథస్నానము జరిగిన చోటుగ పరిశోధకులు గుర్తించిరి. ఎడమ గట్టున, నల్లగొండ వైపున, ఏలేశ్వరముండెడిది. శ్రీశైలమునకు తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పశ్చిమమున అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము మహాద్వారములు కాగా, ఈశాన్యమున ఉపద్వారము ఏలేశ్వరమే. ఆ ద్వారమును ఇప్పుడు జలాశయ గర్భముననే యున్నది. యాత్రికుడు నదిలో మునిగి శ్రీశైలమునకు సాగిన చోట, నేడు ద్వారమే నదిలో మునిగియున్నది.

అవభృథమునకు కావలసినది శుద్ధజలము. ఆ శుద్ధిని ఎవరు కాపాడిరి? శాస్త్రమా, రాజా, జనులా?

శాస్త్రము విషయమున సందేహము లేదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయమున స్నాతకవ్రతములను చెప్పుచు, నీటియందు మలమూత్రములను, ఉమ్మిని, అమేధ్యము పూసికొన్న వస్తువులను, రక్తమును, విషములను విడువరాదని నిషేధించినది. ఈ వరుసలో రెండు పదములు నిలిచి చూడదగినవి. మొదటిది అమేధ్యము: యజ్ఞమునకు పనికిరానిది. మలినమైన వస్తువును నీటిలో కడుగుటయు నీటిలో పారవేయుటయు స్మృతి దృష్టిలో ఒక్కటియే. రెండవది విషము. కర్మాగారములు లేని కాలముననే ప్రవాహములో విషము కలుపుటను స్మృతికారుడు ప్రత్యేకముగ పేర్కొనెను.

స్మృతి పాపమనినదానికి అర్థశాస్త్రము వెల గట్టినది. కౌటిల్యుడు నాగరికుని, అనగా నగరాధికారిని, గూర్చి చెప్పు ప్రకరణమున దండనములను లెక్కించెను. వీథిలో చెత్త వేసినవానికి పణములో ఎనిమిదవ వంతు. బురదతోగాని నీటితోగాని దారి నడ్డగించినవానికి నాలుగవ వంతు. రాజమార్గమైనచో దానికి రెట్టింపు. పుణ్యస్థానము, ఉదకస్థానము, దేవగృహము, రాజపరిగ్రహము, ఈ చోట్ల మలవిసర్జన చేసినవానికి పణము మొదలుకొని క్రమముగ హెచ్చు దండనము. మూత్రమునకు అందు సగము. ఔషధము సేవించినవాడు, రోగి, భయపీడితుడు దండ్యులు కారు. పిల్లి, కుక్క, ముంగిస, పాము మొదలగువాని కళేబరమును నగరములో పడవేసినచో మూడు పణములు. గాడిద, ఒంటె, గుఱ్ఱము, పశువు అయినచో ఆరు. రోగిని విడిచిపెట్టిన ఆ కరుణయు, కళేబరపు పరిమాణమును బట్టి దండనమును హెచ్చించిన ఆ లెక్కయు గమనింపదగినవి. ఉదకస్థానమును పుణ్యస్థానమునకును దేవాలయమునకును నడుమ నిలిపిన వరుస అంతకంటెను గమనింపదగినది.

రాజులు చెరువులను త్రవ్వించిరి. నల్లగొండ చెంతనున్న పానగల్లును కందూరు చోడులు రాజధానిగ నేలిరి. అచ్చటి ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వరాలయములతోపాటు ఉదయసముద్రమను చెరువు వారి కీర్తిని నేటికిని నిలుపుచున్నది. చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో నొకటి, పుత్రునివలె తరింపజేయునది. కడప సీమయందు 1369 నాటి పోరుమామిళ్ల శాసనము తటాక నిర్మాణశాస్త్రమునే శిలపై చెక్కినది. చెరువునకు కావలసిన సాధనములు పండ్రెండనియు, దోషములు ఆరనియు ఆ శాసనము చెప్పును. కట్ట నుండి నీరు ఊరుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువయై పారవలసిన నేల ఎక్కువగుట, నీరు ఎక్కువయై నేల తక్కువగుట, ఇవి ఆరు దోషములు. చెరువులో చెత్త పడుట ఏడవ దోషముగ వ్రాయవలెనని శాసనకర్తకు తోచలేదు. అనవధానము చేత కాదు. ఆ కాలమున అట్టి చెత్తయే లేదు.

శాస్త్రమును రాజును తలచినంత సులభముగ మనము తలపని మూడవ రక్షణ ఇదియే. పూర్వపు పల్లెలో ఇంటింట వెలువడు వ్యర్థమునకు ఒక గమ్యముండెడిది. పశువుల పేడ, పొయ్యి బూడిద, కూరగాయల తొక్కలు, మోదుగాకు విస్తళ్లు, మూకుళ్ల పెంకులు, అన్నియు పెంటకుప్పకు చేరెడివి. వేసవిలో బండ్లకెత్తి పొలములకు తోలెడివారు. పెంట రైతునకు ధనము. ధనమును ఎవడు వాగులో పారవేయును? చెరువు పూడికయును అంతే. ఎండిన చెరువులోని ఒండ్రుమట్టిని తవ్వుకొని పొలములలో జల్లుకొనెడివారు. తూము తలుపులు చూచుటకు, పంటకాలువల నీటిని పంచుటకు నీరటికాడుండెడివాడు. మనుస్మృతి పేరు వినని రైతు కూడ మనుస్మృతి నియమమును చాలవరకు పాటించుటకు ఇదియే కారణము. ధర్మము నిలిచినది గ్రంథబలము చేత మాత్రమే కాదు. దాని వెనుక పెంటకుప్ప నిలిచినది.

ఈ చోట మరుగుపరచరాని మాట ఒకటి కలదు. జలశౌచమను పేరుతోనే తోటి మనుష్యులను బావికిని చెరువునకును దూరముగ నిలిపిన చరిత్రయు మనదే. 1927 మార్చిలో మహారాష్ట్రమునందలి మహాడ్‌లో డాక్టరు అంబేద్కరు సహస్రాధిక జనులతో చవదారు చెరువు నీరు త్రాగినప్పుడు, ఊరివారు కొందరు ఆ చెరువును పంచగవ్యముతో శుద్ధి చేసిరి. అరుణప్రశ్నయు మనుస్మృతి నాలుగవ అధ్యాయమును నీటిలో పడరానివానిని చెప్పునప్పుడు మలమును, ఉమ్మిని, రక్తమును, విషమును పేర్కొనినవి. దప్పికతో దోసిలి ముంచిన మనుష్యుని పేర్కొనలేదు. కళేబరములు మోయుట, మలమెత్తుట కొన్ని కులములకే విధించి, ఆ కులములవారినే మలినులనుట మన సమాజము చేసికొన్న విపరీతము. చెత్తను చూడకుండుటకు అలవాటుపడిన కన్ను అప్పుడే తయారైనది. తన ఇంటి వ్యర్థము ఎచ్చటికి పోవునో తెలియనక్కరలేదనుకొనుట, దానిని మరియొకడు చూచుకొనుననుకొనుట, నేటి వాగులలోని కవరులకు మూలము ఈ తలపే కావచ్చును.

ఇక నదుల వైపు మరలుదము. నల్లగొండ సీమకు కలిగిన జలాపద హాలియా వాగులో గాక, ముందుగ మూసీయందు ప్రత్యక్షమైనది.

మూసీ వికారాబాదు చెంత అనంతగిరులలో పుట్టును. దీనికి ముచుకుందా నది అని ప్రాచీన నామము. కాలయవనుడు తరుముచుండగ శ్రీకృష్ణుడు గుహలో ప్రవేశించుట, అచ్చట నిద్రించు ముచుకుందుని యవనుడు తన్ని లేపుట, రాజర్షి కన్ను తెరచినంతనే యవనుడు భస్మమగుట భాగవత దశమస్కంధ కథ. పిమ్మట ముచుకుందుడు స్వామి పాదములు కడిగిన నీరే నదియై ప్రవహించినదని అనంతగిరి స్థలపురాణము చెప్పును. ఈ చివరి అంశము భాగవతమున లేదు. అయినను భక్తుల హృదయమున రెండును ఒకే కథ. భగవత్పాదోదకమని పేరుపడిన ఆ నది నల్లగొండ సీమను దాటి వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ సంగమమున మీనాక్షీ సమేత అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు వెలసియున్నారు.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తినది. సుమారు 15,000 మంది మరణించిరి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పండితుల సలహా మేరకు నది యొడ్డున నిలిచి చీర, పసుపు కుంకుమలు, ముత్యములు సమర్పించెనని హైదరాబాదులో నేటికిని చెప్పుకొందురు. మరుసటి యేడు, 1909లో, మైసూరు సీమకు చెందిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. వింతగ, అదే 1909లో మైసూరున శామశాస్త్రి అర్థశాస్త్రమును తొలిసారి అచ్చువేయించెను. నగరాధికారి వీథులను, నీటిచోట్లను ఎట్లు చూడవలెనో చెప్పిన ప్రాచీన గ్రంథమును, ఆ పనిని నూతన శాస్త్రముతో చేయగల ఇంజనీరును ఒకే దేశమునుండి ఒకే యేట వెలుగులోనికి వచ్చిరి.

విశ్వేశ్వరయ్య నగరమునకు ఎగువన జలాశయములు కట్టవలెననియు, నగరమునకు భూగర్భ మురుగుకాలువలు వేయవలెననియు సలహా ఇచ్చెను. 1920లో మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగరము, 1927లో ఈసా నదిపై హిమాయత్ సాగరము పూర్తియైనవి. నగరము వరదభయమునుండి బయటపడినది, మంచినీరును పొందినది. అయితే ఆ మేలుతోపాటు ఒక మార్పును వచ్చినది. వేసవిలో మూసీకి రావలసిన స్వచ్ఛమైన నీరు ఎగువననే ఆగి, గొట్టముల ద్వారా ఇండ్లకు పోయినది. నగరమునకు దిగువన నదిలో ప్రవహించునది క్రమముగ నగరపు మురుగే అయినది. జనసంఖ్య లక్షలనుండి కోటి వైపు సాగుచుండగ ఆ మురుగును పెరిగినది. 1970 దశకమునుండి పటాన్‌చెరు ప్రాంతమున వెలసిన మందుల, రసాయనముల కర్మాగారముల వ్యర్థజలము నక్కవాగును, తద్ద్వారా మంజీరను చెరచినది. 1990లో ఈ వివాదము సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. పిమ్మట ఆ వ్యర్థజలమును పాక్షికముగ శుద్ధిచేసి, పద్దెనిమిది కిలోమీటర్ల గొట్టము ద్వారా అంబర్‌పేట మురుగు శుద్ధికేంద్రమునకు చేర్చు ఏర్పాటు జరిగినది. ఒక వాగును కాపాడుటకు చేసిన ఆ పని భారమును మూసీపై పెట్టినది. విషము ఎచ్చటికిని పోలేదు, దారి మార్చుకొన్నది.

దిగువ పల్లెలవారు ఆ నీటితోనే పారాగడ్డి పెంచిరి, వరి పండించిరి. నురుగుతో వచ్చు ఆ నీరు సంవత్సరము పొడవున ఆగదు గనుక కొందరికది వరమువలె తోచినది. వానికోసము ఎదురుచూచు రైతునకు నిత్యప్రవాహమును కాదనుట కష్టము. నీటిలోని మలినము కుళ్లుటకు ప్రాణవాయువును ఎంత హరించునో కొలుచు కొలమానమును శాస్త్రజ్ఞులు బీఓడీ అందురు. స్నానమునకు యోగ్యమైన నీటిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములను మించరాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశమంతట 351 కలుషిత నదీభాగములను గుర్తించినప్పుడు, ఆ అంకె 30ని మించిన అతిదుష్ట వర్గమున మూసీ చేరినది. అవభృథమునకు పేరుగాంచిన కృష్ణాతీరమునకు ఇంత సమీపమున ప్రవహించు నది స్థితి ఇది.

ఇచ్చట ఒక విచిత్రమైన చక్రమున్నది. హాలియాకు పొరుగున, సాగర జలాశయపు అంచున, పుట్టంగండి కలదు. అచ్చట ఎత్తిపోసిన కృష్ణాజలము అక్కంపల్లి జలాశయమునకు చేరి, కోదండాపురమున శుద్ధియై, నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో పయనించి 2004 నుండి హైదరాబాదు దాహము తీర్చుచున్నది. ఆ నీటిలో గణనీయమైన భాగము వంటయిండ్లు, స్నానపుగదులు, మరుగుదొడ్లు దాటి మూసీలో పడి, మరల నల్లగొండ సీమ మీదుగనే వాడపల్లికి వచ్చి కృష్ణలో కలియును. ఏ సీమ స్వచ్ఛజలమును పంపినదో ఆ సీమకే మురుగు తిరిగివచ్చుచున్నది. పుట్టంగండి వద్ద తీర్థముగ బయలుదేరినది వాడపల్లి వద్ద ఏమగుచున్నదో 2016 ఆగస్టులో పుష్కరస్నానములకు సంగమమునకు వచ్చిన యాత్రికులు తమ కన్నులతో చూచియుందురు.

మహానగరమును నిందించుట హాలియావంటి ఊళ్లకు సుఖముగ నుండును. అందుచేతనే ఊరి వాగు వైపు చూడవలసియున్నది. 1967 ఆగస్టు 4న సాగర కాలువలకు నీరు వదలిన నాటినుండి ఈ ప్రాంతపు జీవనము మారినది. రెండు పంటలు వచ్చినవి, ధాన్యపు మిల్లులు వెలసినవి, అంగళ్లు, హోటళ్లు, ఫంక్షనుహాళ్లు వచ్చినవి. యూరియా బస్తా వచ్చిన పిమ్మట పెంటకుప్ప విలువ తగ్గినది; ట్రాక్టరు వచ్చిన పిమ్మట పశువులే తగ్గినవి. మోదుగ విస్తరి స్థానమున థర్మాకోలు పళ్లెము, ముంత స్థానమున ప్లాస్టిక్కు గ్లాసు కూర్చున్నవి. ధనమైన వ్యర్థము పోయి, ఎవరికిని అక్కరలేని వ్యర్థము మిగిలినది. 2018లో హాలియా పురపాలక సంఘమైనది. తెలంగాణమంతట ఆ యేడు గ్రామపంచాయతీలనుండి పట్టణములుగ మారిన ఊళ్లకన్నింటికిని ఒకటే చిక్కు: చెత్త పట్టణపు పరిమాణమున పెరుగును, దానిని వేయుటకు చోటు పల్లెకాలపుదే. అప్పుడు కంటికి కనబడు చోటు ఊరి చివరి వాగు. వంతెన పిట్టగోడ మీదనుండి కవరును విసరుటకు క్షణము చాలును. కోళ్ల దుకాణపు వ్యర్థము, కూల్చిన ఇంటి ఇటుకముక్కలు, క్షౌరశాల వెంట్రుకలు రాత్రివేళ సంచులలో వచ్చి చేరుటకు ఎక్కువ కాలము పట్టదు.

ఎండిన వాగు ఇచ్చట మోసపుచ్చును. నీరున్న చెరువులో సంచి పడవేయుటకు సంకోచించువాడు సహితము, ఇసుక మాత్రమే యున్న వాగులో పడవేయుటకు సంకోచింపడు. అది అతని దృష్టిలో బీడునేల. మృగశిర దాటి తొలి వరద వచ్చిన దినమున, ఎనిమిది నెలల చెత్త ఒక్క పూటలో కదలి కృష్ణ వైపు సాగును. వాగు శుభ్రమైనదని ఊరివారు సంతోషింతురు.

చట్టమునకు సహితము ఈ సూక్ష్మము గ్రహించుటకు చాలకాలము పట్టినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 277వ విభాగము సార్వజనికమైన ఊటను, జలాశయమును చెరచువానికి మూడు నెలల కారాగారమో, 500 రూపాయల జరిమానాయో విధించినది. పారునది అందులోని ఊట అను పదము క్రిందికి రాదని మద్రాసు హైకోర్టు 1881లోనే తీర్పిచ్చినది. నిలిచిన నీటికి రక్షణ కలిగినది, పారు నీటికి లేకపోయినది. అరుణప్రశ్న అట్టి భేదమును చూపలేదు. దాని దృష్టిలో నీరు నీరే. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత శిక్షను ఆరు నెలలకు, జరిమానాను 5,000 రూపాయలకు పెంచినను, ఊట, జలాశయము అను పాత పదములనే నిలుపుకొన్నది. అయితే 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము వేరు మార్గమును త్రొక్కినది. ప్రవాహము అను పదమును నిర్వచించుచు, నదియే గాక నీటిదారియు, అది పారుచున్నను అప్పటికి ఎండియున్నను, ప్రవాహమే యని ఆ చట్టము చెప్పినది. అందు కాలుష్యకారక పదార్థమును తెలిసి పడవేయుట 24వ విభాగము క్రింద నిషిద్ధము. ఎత్తునేలల వాగును నదిగ అంగీకరించిన శాసనములలో ఇంత స్పష్టమైనది మరియొకటి అరుదు. ఈ మాట వాగు వంతెనల మీద వ్రాయబడదు, వ్రాసినచో బాగుండును.

భక్తుల వంతు కూడ చెప్పకుండుట ధర్మము కాదు. ఊరి వాగులలోను, కాలువలలోను పడు కవరులలో దేవుని పూజలో వాడినవియు కలవు. పూలు, కొబ్బరిపీచు, అగరువత్తుల పెట్టెలు, పగిలిన పటములు, పాత క్యాలెండరులలోని దేవతల చిత్రములు, అన్నియు నొక ప్లాస్టిక్కు సంచిలో ముడివేసి, రెండు చేతులతో నమస్కరించి నీటిలో విడుతురు. తొక్కుడు పడరాదను భక్తియే దీనికి మూలము. భావము మంచిదే, పని నిషిద్ధము. గంగయందు చేయరాని పదుమూడు పనులను బ్రహ్మాండపురాణ వచనములుగ రఘునందన భట్టాచార్యుడు ప్రాయశ్చిత్త తత్త్వమున ఉదాహరించెను. శౌచము, పుక్కిలించుట, వెంట్రుకలు విడుచుట, మలము రుద్దుకొనుట మొదలగువాని సరసన నిర్మాల్యమును పడవేయుటయు ఆ పట్టికలో నున్నది. పూజాపుష్పమును నీటిలో విడుచుట పుణ్యమని నమ్మువారికి ఈ మాట ఆశ్చర్యము కలిగించును.

ఆగమ సంప్రదాయమున నిర్మాల్యమునకు అధికారులున్నారు. శివాలయమున అది చండేశ్వరునిది. ఈశాన్యమున అతని సన్నిధి కలదు. విష్ణ్వాలయమున విష్వక్సేనునిది. ఇంటిపూజలో నిర్మాల్యమును తొక్కని చోట, చెట్టు మొదట విడుచుట పెద్దల ఆచారము. పూవు మట్టిలో కలిసి మరల పూవగును. తులసికోట మొదట ఒక గుంట చాలును. అందు సంచి మాత్రము పడరాదు.

వినాయక నిమజ్జనమునకును ఇదే న్యాయము. పార్థివ ప్రతిమ అనగా పృథివితో చేసినది. ఏటి ఒడ్డు మట్టితో చేసి, ప్రాణప్రతిష్ఠ గావించి, ఉద్వాసన చెప్పిన పిమ్మట ఆ మట్టి మరల ఏటికే చేరును. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ మట్టి కాదు, త్వరగ కరుగదు, దానిపై పూసిన రంగులలోని లోహములు నీటిలో చేరును. 2010లో నిమజ్జనములకు మార్గదర్శకములు వెలువరించిన కేంద్ర మండలి, 2020లో వానిని సవరించి అట్టి ప్రతిమలను వలదన్నది. అధికారులు చెప్పకముందే పార్థివమను పేరు ఆ మాట చెప్పియున్నది. బతుకమ్మ పండుగలో తంగేడు, గునుగు, బంతి పూలను చెరువులో వదలి, తాంబాలమును ఇంటికి తెచ్చుకొనుట తెలంగాణ స్త్రీలకు తరతరముల అలవాటు. నీటికి ఏది ఇయ్యవచ్చును, ఏది మరల తెచ్చుకొనవలెను అను వివేకము ఆ ఆచారమున స్పష్టముగ నున్నది. ఇప్పుడు బతుకమ్మలో జొనిపించు రంగుకాగితములు, మెరుపు తీగలు ఆ వివేకమును చెరచుచున్నవి.

నల్లగొండవారికి ఈ విషయము ఇతరులకంటె గొప్పది అగుటకు మరియొక హేతువు కలదు. ఈ జిల్లాలో భూమి క్రింది నీటిని నమ్ముకొనుటకు వీలులేక తరములు గడచినవి. బావులలోను బోరులలోను ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని అనేక గ్రామములలో మించి, ఎముకలు వంగి, పండ్లు గారపట్టి, యౌవనముననే నడుము వంగినవారు ఎందరో. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతి ప్రపంచమంతట నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైనది. ఇట్టి నేలపై నివసించువారికి కృష్ణాజలము విలాసము కాదు. గంగాతీరవాసి నది చెడినచో బావిని ఆశ్రయింపగలడు. బావి చెడియున్న నల్లగొండవాడు నదియు చెడినచో దేనిని ఆశ్రయించును?

హాలియాలో ఏ గృహస్థుడైనను సంకల్పము చెప్పుకొనునప్పుడు తన చోటును శ్రీశైలమునకు ఈశాన్య దిక్కుగ, కృష్ణాగోదావరుల మధ్యదేశముగ పేర్కొనును. వీధి పేరు, ఇంటి సంఖ్య ఆ చిరునామాలో లేవు. పర్వతమును నదులును మాత్రమున్నవి. ఆచమనమునకు ఉద్ధరిణెలోనికి తీసికొన్న నీరు తరచుగ ఆ కృష్ణదే, కుళాయిలో వచ్చినది. గురుడు కన్యారాశిలో ప్రవేశించు 2028లో కృష్ణాపుష్కరములు మరల వచ్చును. అప్పటికి నడుమ కొన్ని వానకారులున్నవి. ప్రతి వానకారునను హాలియా వాగు ఒకమారు పొంగి, ఇసుకలో తనకు దొరికినదానినెల్ల కృష్ణకు చేర్చును.